సత్యోపదేశం వరుసలోనా, నీతిబోధ వరుసలోనా?



ఈ వారం ధ్యానానికి మార్కు సువార్త 10వ అధ్యాయం, 13 నుండి 16 వచనాలు చదువుకొందాం. కొందరు చిన్నబిడ్డలను ప్రభువు దగ్గరకు తెస్తుంటే అడ్డుపడింది ఎవరో గమనించండి. పరిసయ్యులు కాదు, శాస్త్రులు కాదు. ప్రభువు వెంట నడుస్తున్న శిష్యులే. వాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు. ప్రభువుకు తీరిక లేదు, ఈ పిల్లల గోల ఎందుకని అనుకొన్నారు. అయినా ప్రభువు కోపపడ్డాడు. పిల్లలను ఎత్తుకొని, చేతులుంచి దీవించాడు. మన మంచి ఉద్దేశం కూడా ఒక్కోసారి బిడ్డకూ ప్రభువుకూ నడుమ గోడ అవుతుందని ఈ భాగం మనకు చెబుతోంది. మా సంఘంలో కొన్ని నెలలుగా నడిచిన ఒక చర్చను ఈ మాట వెలుగులో మీతో పంచుకోవాలని ప్రేరేపించబడ్డాము.

మేము బాప్టిస్టు సంఘానికి చెందినవాళ్ళం. మా పల్లెకు దగ్గరలో కతోలిక సిస్టర్లు నడిపే ప్రాథమిక పాఠశాల ఒకటి ఉంది. మా వైపు అందరూ దాన్ని ఆర్.సి.ఎం. బడి అనే అంటారు. ఒకటి నుండి ఐదు వరకు తరగతులు. మా సంఘం పిల్లలు పద్నాలుగురు అక్కడే చదువుకొంటున్నారు. కూలికి పోయే తల్లిదండ్రులకు ఆ బడి అంటే ధైర్యం. టీచర్లు వేళకు వస్తారు, పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఇంటికి కబురు వస్తుంది.

ఆ బడిలో ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు పిల్లలు రెండు వరుసలు కడతారు. కతోలిక పిల్లలు సత్యోపదేశం తరగతికి, మిగతావాళ్ళు నీతిబోధ తరగతికి. ఇన్నేళ్ళుగా మన పిల్లలు ఎవరికి తోచిన వరుసలో వాళ్ళు నిలబడుతున్నారు. ఈ సంవత్సరం కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ సిస్టర్ గారు మమ్మల్ని పిలిపించి సూటిగా అడిగారు.

“పాస్టర్ గారూ, మీ పిల్లలు క్రైస్తవులే. నీతిబోధకు పంపితే బైబిలు కథలు పోగొట్టుకొంటారు. సత్యోపదేశానికి పంపితే మా సంఘం బోధ వింటారు. మీరూ తల్లిదండ్రులూ కలిసి తేల్చుకొని చెప్పండి. మీ మాట లేకుండా నేను ఏ వరుసలోనూ నిలబెట్టను.”

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 28వ అధికరణంలోని మూడవ క్లాజు ఇంకో మాట కూడా చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ పొందే బడిలో చదివే ఎవరినైనా వారి సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మనకూడదు. మైనరు అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. సిస్టర్ గారు అడిగింది మర్యాద కోసం మాత్రమే కాదు, అది తల్లిదండ్రులకు ఉన్న హక్కు కూడా. చాలామంది తల్లిదండ్రులకు తమకు ఆ హక్కు ఉందనే తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలనూ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టాము. మూడు మాటలు వచ్చాయి.

సంఘ పెద్ద ఒకాయన, “పిల్లలను ఆ బడి మాన్పించడమే మంచిది. దానియేలు బబులోనులో ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూడండి” అన్నారు. ఇంకొక సహోదరుడు, “నీతిబోధకు పంపితే చాలు, ఏ గొడవా ఉండదు” అన్నాడు. వెనుక కూర్చొన్న ఒక తల్లి లేచి, “అయ్యగారూ, నాకు చదువు రాదు. మా పాపకు యోసేపు కథ, రూతు కథ నేర్పింది ఆ సిస్టరమ్మే. రాత్రి పూట అది చెబుతుంటే నేను వింటున్నాను. ఆ వరుసలోంచి తీసేయకండి” అంది.

ఆ తల్లి మాటకు కాసేపు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

దానియేలు గురించి మేము ఒక మాట చెప్పాము. దానియేలు మొదటి అధ్యాయం జాగ్రత్తగా చదవండి. అతడు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొన్నాడు. రాజు భోజనం విషయంలో మాత్రం హద్దు గీసుకొన్నాడు. అన్నిటినీ తోసేయలేదు, అన్నిటినీ మింగేయనూ లేదు. ఎక్కడ గీత గీయాలో తెలుసుకొన్నాడు. పైగా ఆ సిస్టర్లు బబులోనువాళ్ళు కారు. తండ్రిని, కుమారుని, పరిశుద్ధాత్మను ఒప్పుకొనేవాళ్ళు. లూకా 9వ అధ్యాయంలో యోహాను ప్రభువుతో, మాతో కలిసి నడవనివాడు ఒకడు నీ పేరట దయ్యాలను వెళ్ళగొడుతుంటే వద్దన్నామని చెప్పినప్పుడు, ప్రభువు అతణ్ణి ఆటంకపరచవద్దనే అన్నాడు కదా.

మన చరిత్ర కూడా గుర్తు చేసుకొందాం. ఒంగోలు ప్రాంతానికి క్లౌ దొరగారు 1866లో వచ్చారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో మన పెద్దలకు కూలి దొరికింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంగతి మన సంఘాలన్నిటికీ తెలిసిందే. ఆ పెద్దలకు అక్షరం దొరికింది కూడా మిషను బడిలోనే. కతోలికుల కథా దూరం కాదు. ఫిరంగిపురంలో 18వ శతాబ్దం నుండి కతోలిక కుటుంబాలున్నాయి. 1904లో హాలెండు నుండి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరుకు వచ్చి ఆసుపత్రి పని, చదువు పని మొదలుపెట్టారు. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. మన తాతల కాలంలో ఈ రెండు సంఘాలవాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవాళ్ళు కారు. 1964లో రెండవ వాటికన్ మహాసభ ఐక్యత గురించి ఒక శాసన పత్రం వెలువరించి, మనవంటి వారిని సహోదరులని పిలిచింది. ఆ పిలుపు రోమునుండి పల్లెకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఒక సిస్టర్ గారు మన సంఘాన్ని పిలిచి, మీ పిల్లల విషయంలో మీ మాటేమిటని అడుగుతున్నారంటే, ఆ పిలుపు మా ఊరికి కూడా చేరినట్టే.

చివరకు అందరం ఒక మాట మీదకు వచ్చాము. బైబిలు కథలు, పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పే వారాల్లో మన పిల్లలు సత్యోపదేశం వరుసలో ఉంటారు. జపమాల, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం సిద్ధపాటు చెప్పే వారాల్లో నీతిబోధ వరుసలో ఉంటారు. తల్లిదండ్రులు కాగితం మీద సంతకం చేశారు, వేలిముద్ర వేసినవాళ్ళు వేశారు. సిస్టర్ గారు ఆ కాగితం తీసుకొని సంతోషంగా ఒప్పుకొన్నారు.

ఆ తర్వాతే అసలు ప్రశ్నలు పిల్లల దగ్గర నుండి వచ్చాయి.

సండే స్కూల్ పోటీలో టీచరమ్మ, తల్లిదండ్రులను సన్మానించమన్నది ఎన్నో ఆజ్ఞ అని అడిగింది. ఒక పిల్లవాడు నాలుగవది అన్నాడు. తప్పన్నారు. వాడు ఏడుస్తూ, బడిలో నాలుగనే చెప్పారన్నాడు. “చూశారా, బైబిలే మార్చేశారు” అని ఒకరిద్దరు గుసగుసలాడారు. ప్రియులారా, ఎవరూ ఏదీ మార్చలేదు. ఆజ్ఞలు పది అని బైబిలు చెబుతుంది గానీ, వాటి పక్కన అంకెలు వేయలేదు. అగస్టీను భక్తుడు లెక్కపెట్టిన పద్ధతిలో అన్య దేవతలు, విగ్రహాలు కలిపి ఒకటే ఆజ్ఞ. చివర ఆశించకూడదన్నదాన్ని రెండుగా లెక్కిస్తారు. కతోలికులదీ లూథరనులదీ అదే లెక్క. మనం వాటిని వేరేగా లెక్కిస్తాము కాబట్టి మనకు అది ఐదవది. నాలుగైనా ఐదైనా ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళి వాళ్ళ అమ్మకు నీళ్ళబిందె అందుకొంటే ఆజ్ఞ నెరవేరినట్టే.

అలాగే ప్రభువు ప్రార్థన. బడిలో అది కీడు నుండి తప్పించమనే విన్నపంతో ముగుస్తుంది. మనం రాజ్యము, బలము, మహిమ దేవునివే అనే స్తుతి కలిపి ముగిస్తాము. ఆ స్తుతి మత్తయి సువార్త ప్రాచీన ప్రతుల్లో కొన్నిటిలో లేదు, లూకా 11లోనూ లేదు. దివ్యబలిపూజలో గురువు మధ్యలో ఒక చిన్న ప్రార్థన చేశాక కతోలికులు కూడా ఆ స్తుతిని పలుకుతారు. దీనికోసం బిడ్డను నిలదీయనక్కరలేదు.

శిలువ గుర్తు వేసుకోవడం చూసి భయపడిన తల్లులున్నారు. 1529లో లూథరు గారు రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఉదయం లేవగానే శిలువ గుర్తుతో దీవెన పొందమనే ఆయన నేర్పించాడు. మన బాప్టిస్టులకు ఆ అలవాటు లేదు, మన పిల్లలకు మేము నేర్పము. కానీ బడిలో చూసి అన్నం ముందు వేసుకొన్న పాపను కొట్టవద్దు. ఆ చెయ్యి ఎవరి శిలువను గుర్తు చేసుకొంటోందో కూర్చోబెట్టి చెప్పండి. మరియమ్మ విషయంలో మాత్రం మా మాట స్పష్టం. ఆమె ధన్యురాలు, ప్రభువు తల్లి, విశ్వాసంలో మనకు మాదిరి. మన ప్రార్థన మాత్రం క్రీస్తు ద్వారా తండ్రికే. ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పాలి, అయితే ఎగతాళి చేయకుండా చెప్పాలి. ఎగతాళి నేర్చుకొన్న పిల్లవాడు రేపు మన విశ్వాసాన్ని కూడా ఎగతాళి చేస్తాడు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మూడవ తరగతి పాప అడిగింది. 1910లో పదవ భక్తినాథ పోపు, వివేకం వచ్చే ఏడేళ్ళ ప్రాయానికే పిల్లలు దివ్యసత్ప్రసాదం పుచ్చుకోవచ్చని నిర్ణయించాడు. అందుకే ఆ ఈడు పిల్లలు తెల్లబట్టలు కట్టుకొని, చేతిలో కొవ్వొత్తి పట్టుకొని గుడికి వెళతారు. తన పక్కన కూర్చొనే ముగ్గురు స్నేహితురాళ్ళు అలా వెళ్ళడం చూసి, ఈ పాప ఇంటికొచ్చి అన్నం తినలేదు. మరునాడు మా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, యేసయ్య వాళ్ళను పిలిచాడు. నన్నెందుకు పిలవలేదు?” అంది.

ఏం చెబుతాము? పెద్దవాళ్ళకైతే బాప్తిస్మం గురించి, ప్రభువు బల్ల గురించి రెండు సంఘాల బోధ వివరించవచ్చు. ఎనిమిదేళ్ళ బిడ్డకు అది చాలదు. మేమూ మా ఇంటామె కలిసి ఆమెను కూర్చోబెట్టుకొని, “నిన్నూ పిలిచాడమ్మా. మన సంఘంలో, నువ్వే నోరు తెరిచి ప్రభువా నేను నీదాన్ని అని చెప్పిన రోజున బాప్తిస్మమిచ్చి బల్ల దగ్గర కూర్చోబెడతాము. నువ్వు ఆలోచించుకొని జవాబు చెప్పే దాకా ఆయన ఆగుతాడు” అన్నాము. తలూపింది. పూర్తిగా ఒప్పుకొన్నదని అనలేము. ఆ బిడ్డ బాధ నిజమైన బాధ. ఒకే ప్రభువును నమ్మేవాళ్ళం ఒకే బల్ల దగ్గర ఇంకా కూర్చోలేకపోతున్నామన్న గాయం ఆ చిన్న ప్రశ్నలో ఉంది. దాన్ని తేలికగా కప్పిపెట్టకూడదు.

అయితే అదే నెలలో ఇంకొక బల్ల సంగతి బయటపడింది.

మధ్యాహ్న భోజనం వేళ పిల్లలు వరండాలో పళ్ళేలతో కూర్చొంటారు. రెండవ తరగతిలో ఒక యానాది పిల్లవాడున్నాడు. వాళ్ళ కుటుంబం చేపల చెరువుల దగ్గర కాపలా పని చేసుకొంటుంది. వాడు వచ్చి కూర్చొంటే పక్క పిల్లలు జరిగిపోయేవాళ్ళట. కులం పేరు పెట్టి, ఎలుకల మాట ఎత్తి ఏడిపించేవాళ్ళట. వాడు బడికి రావడం మానేశాడు. పది రోజులు చూసి సిస్టర్ గారు నడిచి వాళ్ళ గుడిసెకు వెళ్ళారు, విషయం తెలిసింది. ఏడిపించిన నలుగురిలో ఇద్దరు మన సంఘం పిల్లలు. బైబిలు వాక్యాలు కంఠతా చెప్పి బహుమతి తెచ్చుకొన్నవాళ్ళే.

మన పెద్దలు ఊరి బావి దగ్గర ఎంత దూరంలో నిలబడ్డారో మనకు తెలుసు. ఏ బడిలో ఏ మూల కూర్చోబెట్టారో కథలుగా విన్నాము. ఆ గాయాల నుండి ప్రభువు లేపిన ఇళ్ళలోని పిల్లలే ఇంకొక బిడ్డను దూరం జరిపారు. పాపం ఎంత సులువుగా చేతులు మారుతుందో చూడండి.

సిస్టర్ గారు ఎవరినీ కొట్టలేదు, అసెంబ్లీలో నిలబెట్టి పరువు తీయలేదు. మరునాటి నుండి భోజనాల వరుస హాజరుపట్టీ నంబరు ప్రకారం కూర్చోవాలన్నారు. టీచర్లూ తామూ అదే వరుసలో కూర్చొన్నారు. ఐదవ తరగతివాళ్ళు వంతులవారీగా వడ్డించాలి. ఏడిపించిన పిల్లలకు, ఆ బాబు తిరిగి వచ్చాక అతనితో జతగా నీళ్ళు పట్టే పని ఇచ్చారు. తర్వాత మమ్మల్నీ, ఆ ఇద్దరు పిల్లల తండ్రులనూ వెంట రమ్మన్నారు. అందరం కలిసి ఆ గుడిసెకు వెళ్ళాము. ఆ పిల్లవాడి తండ్రి పొగరుగా మాట్లాడలేదు, బతిమాలనూ లేదు. “అన్నం మా వాడికి ఇక్కడా దొరుకుద్దయ్యా. పక్కన కూర్చోనిచ్చేవోళ్ళు కావాల” అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుండి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మాకు వేరేగా వినిపిస్తోంది. అక్కడ పౌలు కోపమంతా ఏమిటి? ప్రభువు భోజనానికి కూడివచ్చి, ఉన్నవాళ్ళు ముందే తినేసి, లేనివాళ్ళను సిగ్గుపరచారని. పక్కవాణ్ణి సిగ్గుపరచిన చోట తిన్నది ప్రభువు భోజనమే కాదంటాడు అపొస్తలుడు. బల్ల విషయంలో కతోలికులతో మనకున్న తేడా గురించి గంటలకొద్దీ మాట్లాడుకొన్నాము. వరండాలో పరచిన ఆ భోజనం వరుసలో మాత్రం తేడా లేని ఆజ్ఞ ఒకటుంది. దాన్ని నాలుగని లెక్కించినా ఐదని లెక్కించినా తప్పించుకోలేము.

ఆ బాబు దసరా సెలవుల తర్వాత తిరిగి వచ్చాడు. కొన్ని రోజులు వరుస చివరే కూర్చొనేవాడు. నీళ్ళ బకెట్టు చెరో పక్కా పట్టుకొని మన పిల్లవాడూ వాడూ నడవడం మేము చూశాము. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, నీళ్ళు మాత్రం ఒలకకుండా నడుస్తున్నారు. అది చాలు, దేవుడు అక్కడి నుండి మొదలుపెడతాడు.

పిల్లల నడవడి గురించి సిస్టర్ గారితో మాట్లాడినప్పుడు ఆమె డాన్ బోస్కో పేరు చెప్పారు. ఇటలీలోని ట్యూరిన్‌లో దిక్కులేని మగపిల్లల మధ్య పని చేసిన గురువు ఆయన. 1877లో తన పద్ధతిని రాసిపెట్టాడు. తప్పు చేశాక శిక్షించడం కంటే, తప్పు చేయకుండా పక్కనే ఉండి కాపాడడం మేలన్నది దాని సారం. వివేకం, భక్తి, ఆప్యాయత అనే మూడు స్తంభాల మీద దాన్ని నిలిపాడు. మన వైపు కూడా అటువంటివారున్నారు. 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టరులో రాబర్ట్ రైక్స్, పనికి పోయే పేదపిల్లలు ఆదివారం వీధుల్లో తిరుగుతుంటే చూసి సండే స్కూల్ పెట్టాడు. ఒకరు గురువు, ఒకరు పత్రిక నడిపిన గృహస్థుడు. ఇద్దరూ పిల్లల అల్లరిని తిట్టి ఊరుకోలేదు, వాళ్ళ దగ్గరకు వెళ్ళి కూర్చొన్నారు.

ప్రియులారా, ఈ ధ్యానం నుండి మూడు సంగతులు తీసుకొందాం.

మొదటిది, బడికి పంపి మన పని అయిపోయిందని అనుకోవద్దు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుడు వాక్యాన్ని ఇంట కూర్చొన్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు బిడ్డలకు చెప్పమన్నాడు. ఆ పని సిస్టర్ గారికి గానీ పాస్టరుకు గానీ అప్పగించలేదు, తల్లిదండ్రులకు అప్పగించాడు. చదువు రాకపోయినా, బిడ్డ చెప్పే కథ వినే ఆ తల్లి కూడా ఆ ఆజ్ఞను నెరవేరుస్తోంది.

రెండవది, మన బోధ ఏమిటో బిడ్డకు తెలియాలి. తెలియనివాడే భయపడతాడు, భయపడినవాడే ద్వేషిస్తాడు. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే ఇచ్చింది ద్వేషం కాదు, నిష్కపటమైన విశ్వాసం.

మూడవది, ఈ రాత్రి మీ బిడ్డను ఒక ప్రశ్న అడగండి. ఎన్ని వాక్యాలు వచ్చు అని కాదు, ఎన్ని మార్కులు వచ్చాయి అని కాదు. “ఈరోజు అన్నం దగ్గర నీ పక్కన ఎవరు కూర్చొన్నారు?” అని అడగండి. జవాబు ఓపికగా వినండి. ఆ బిడ్డ పేరు పెట్టి మీ ఇంట్లో ప్రార్థన చేయండి.

ప్రార్థన చేసుకొందాం. పరలోకపు తండ్రీ, మా పిల్లలకు అక్షరం నేర్పుతున్న ప్రతి ఉపాధ్యాయురాలిని, ఆ సిస్టర్లను, మా సండే స్కూల్ టీచర్లను దీవించండి. మా సంఘాల మధ్య ఉన్న గాయాలను మీ వేళలో మాన్పండి. వరుస చివర కూర్చొన్న బిడ్డ పక్కన మా బిడ్డలు కూర్చొనేలా వారి హృదయాలను మెత్తపరచండి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.